ఆవు బొమ్మ డబ్బాలో కందులు

అక్టోబర్ 29

రాయి. నా పేరు కసీల్దా జోసెఫ్. వయసు డెబ్బై ఏడో డెబ్బై ఎనిమిదో, చర్చి పుస్తకంలో ఉంది, నీకెందుకు. స్టేడియం కుడి గోడ వెనకాల నలభై ఒక్క ఏళ్ళుగా యానికెకె రొట్టెలు వేయించి అమ్ముతున్నాను. నాకు చదువు రాదు. రాదని సిగ్గూ లేదు. చదువుకున్నవాళ్ళు ఎంతోమంది నా బల్ల ముందు నిలబడి, వేడిది వేడిదంటున్నా వినకుండా మూతి కాల్చుకోవడం చూశాను.

ఇది నా వ్యాజ్యం. ఎవరి మీద అంటే, ఇది రాస్తున్నవాడి మీదే. ఎఫ్రాయిన్ పెగేరో. నా వెనకగదిలో అద్దెకుంటాడు. కొంగల బేస్‌బాల్ జట్టువాళ్ళు రాజధాని నుంచి రప్పించుకున్న లెక్కలవాడు. ముప్పై రెండేళ్ళకే బట్టతల, గుడ్లగూబ మొహం. గుడ్లగూబ అనే రాయి. నవ్వకు.

వీడి మీద వ్యాజ్యం వీడి చేతే ఎందుకు రాయిస్తున్నానంటే, మొన్న వీడే అన్నాడు, తేదీ వేసి కాగితం మీద పెట్టని మాట గాలికి పోయే మాట అని. సరే, అయితే తేదీ వెయ్యి, కాగితం మీద పెట్టు. నోటుపుస్తకం నాది. నా బియ్యం డబ్బాలో ఉంటుంది, ఎవరూ చూడరు. పొద్దున్నే, ఆట ఉన్న రోజైతే రాత్రి, కాఫీ ఇస్తాను, నేను చెప్పింది చెప్పినట్టు రాస్తాడు. అదీ ఒప్పందం. చివరికి దీన్ని ఎవరి ముందైనా పెట్టాలా, నా దగ్గరే ఉంచుకోవాలా అన్నది తర్వాత చూసుకుంటాను.

నేరం ఇది. రాదామెస్ నా మనవడు. పెద్దకూతురి కొడుకు, తల్లి పోయాక నేనే పెంచాను. ముప్పై ఆరేళ్ళు. పన్నెండు చలికాలాలుగా కొంగల జట్టుకి బంతి విసురుతున్నాడు. ఈ ఏడు ఇప్పటికి మూడు ఆటలు విసిరాడు, మూడూ గెలిచాడు. ఈ గుడ్లగూబ వెళ్ళి మేనేజర్ దోన్ ఫ్రోయిలాన్ దగ్గర కూర్చుని, "రాదామెస్ పని అయిపోయింది, జనవరి ఆటలకి అతను వద్దు, ఆబ్నెర్ని ఉంచుకోండి" అన్నాడు. ఆబ్నెర్ ఎవడు? రెండు ఆటలు విసిరి రెండూ ఓడిపోయిన కుర్రాడు. మెడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలీదు, అంత పొడుగు.

మూడుకి మూడు గెలిచినవాణ్ణి తీసేసి, రెండుకి రెండు ఓడినవాణ్ణి పెట్టుకోవడం. దీన్ని లెక్కలు అంటారట.

ఇవాళ్టికి చాలు. కాఫీ చల్లారిపోయింది.

నవంబర్ 1

నా లెక్క కూడా కాగితం మీద ఉండాలి కాబట్టి చెప్తున్నాను.

కుడిచేతి వాటంవాడు బంతికి ఆలస్యంగా బ్యాటు ఊపాడనుకో, అది అంచుకి తగిలి పైకి లేచి, గీత బయటికి పోయి, గోడ దాటి నా దుకాణం రేకు మీద పడుతుంది. వాడెందుకు ఆలస్యమయ్యాడు? బంతి వాడికంటే ముందొచ్చింది కాబట్టి. అంటే విసిరినవాడి చెయ్యి బాగుందన్నమాట. గోడ అవతల ఏం జరుగుతోందో నాకు కనబడదు, ఎవరు విసురుతున్నారో మైకు చెప్తుంది. రేకు చప్పుడవగానే వాడి డబ్బాలో ఒక కంది గింజ వేస్తాను. అంతే. దీనికి కరెంటు అక్కర్లేదు.

అక్షరాలు రావు గనక డబ్బాలకి బొమ్మలే గుర్తు. రాదామెస్‌ది ఆవు బొమ్మ పాలపొడి డబ్బా. ఆబ్నెర్‌ది సార్డీన్ చేపల డబ్బా. మూత లేదు. వాడికి అది చాలు.

డిసెంబర్ ఇరవై నాలుగున అందరిళ్ళలో కందుల అన్నం వండుకుంటారు కదా. ఆ ఏడు ఎవరి గింజలు చాల్లేదో వాళ్ళ డబ్బా నా కుండలో పడుతుంది. మా పేటలో అందరికీ నేను దోన్యాని, బంతి విసిరే ఏ పిచర్నైనా జట్టులోంచి తీసేస్తే "దోన్యా కుండలో పడ్డాడు" అంటారు. దోన్ ఫ్రోయిలాన్ ఆ సాయంత్రం అన్నం తినే వంకతో వస్తాడు, అటక మీద ఏ డబ్బా లేదో చూసుకుంటాడు, తెల్లారి, కప్పు తేల్చే జనవరి ఆటలకి పేర్లు రాసుకుంటాడు. ఇరవై ఏళ్ళుగా ఇంతే. పెద్ద లీగులకి వెళ్ళినవాళ్ళు నలుగురున్నారు ఈ పేట నుంచి, నలుగురి గింజలూ అందరికంటే ముందు లెక్కపెట్టింది నేను.

ఈ గుడ్లగూబ మాట విని దోన్ ఫ్రోయిలాన్ ఏమన్నాడో తెలుసా? "నీ యంత్రం ఒకటి చెప్తోంది. దోన్యా డబ్బా ఏం చెప్తుందో ఇరవై నాలుగున చూద్దాం" అన్నాడు. అదీ మర్యాద.

ఇంకో సంగతి. రేకు. నా చిన్నల్లుడు ప్లాసిదో ఈ వేసవిలో దుకాణానికి కొత్త రేకు వేయించాడు. ఎక్కడ తెచ్చాడో గానీ అప్పుడే నాలుగు సొట్టలు, మేకు దగ్గర ఒక బొక్క. పాత రేకు ముప్పై ఏళ్ళు బంతులు తిన్నా ఒక్క సొట్ట పడలేదు. అల్లుడు కదా అని నమ్మితే ఇలా చవకరకం అంటగట్టాడు. అది కూడా రాసి పెట్టు, వాడి వ్యాజ్యం తర్వాత చూస్తాను.

నవంబర్ 3

రాదామెస్ నాలుగో ఆట కూడా గెలిచాడు. ఒక్క ఆటలో ఆవు డబ్బాలోకి ఆరు గింజలు. పెద్ద అక్షరాలతో రాయి.

నవంబర్ 4

పొద్దున్నే రాదామెస్ తారు డబ్బా, నిచ్చెన పట్టుకుని వచ్చాడు. నిన్నటి ఆటలో రేకుకి ఇంకో బొక్క పడింది, నేను చెప్పకుండానే ఎలా తెలిసిందో. ఎక్కి పూశాడు. ఎడమచేత్తో పూస్తున్నావేమిట్రా అంటే, కుడిచెయ్యి ఆటకి దాచుకుంటున్నానన్నాడు. అలాంటి మనవడు. ఆట ఆడిన మర్నాడు ఏ ఆటగాడైనా పన్నెండింటి దాకా పడుకుంటాడు. వీడు వచ్చి అమ్మమ్మ కప్పుకి మాట్లు వేస్తాడు.

ప్లాసిదో సంగతి వాడితో చెప్పుకున్నాను. పాపం బాబాయిని ఏమనకు అన్నాడు. మెత్తటి మనసు.

నవంబర్ 9

ఇవాళ వీడి వాదన రాయిస్తున్నాను. ఎదుటివాడి మాట రాయించకపోతే అది వ్యాజ్యం అవదు, ఉత్త తిట్టవుతుంది.

వీడు చెప్పేదేమిటంటే, గెలుపోటములు విసిరేవాడివి కావట. ఇచ్చిన పరుగులు కూడా పూర్తిగా వాడివి కావట. మూడే మూడు వాడి సొంతమట. ఎంతమందిని బ్యాటుకి బంతి తగలకుండానే ఇంటికి పంపాడు, ఎంతమందికి మొదటి బేసు ఊరికే దానం చేశాడు, ఎన్ని బంతులు ఎదురుగోడ అవతల పడ్డాయి. మిగిలినదంతా వెనకాల నిలబడ్డవాళ్ళ కాళ్ళూ చేతులూ, కాస్త అదృష్టమూనట. రాదామెస్‌ని ఈ ఏడు గట్టిగా బాదుతున్నారు గానీ, బాదినవన్నీ తిన్నగా మనవాళ్ళ చేతుల్లోకే పోతున్నాయి అంటాడు. ఆబ్నెర్‌ని ఎవడూ సరిగ్గా తాకలేకపోతున్నాడు గానీ, గుడ్డిగా తగిలినవి పోయి ఎవరూ లేని చోట పడుతున్నాయి అంటాడు. "అదృష్టం అద్దెకొచ్చినట్టు వస్తుంది దోన్యా, జనవరి దాకా ఉండదు" అన్నాడు. అద్దె సంగతి నా దగ్గర ఎత్తకు అన్నాను.

తర్వాత నేనన్నాను, "నేను పిండి కలుపుతాను, ఉప్పేస్తాను, నూనె కాస్తాను. అక్కడిదాకా నా పని. కొన్నవాడు దారిలో జారవిడిచి కుక్కలపాలు చేస్తే అది నా తప్పా?"

వీడు కలం పడేసి బల్ల మీద గుద్దాడు. "సరిగ్గా ఇదే, నేను మూడు వారాలుగా మొత్తుకుంటున్నది" అన్నాడు.

ఆ మాట రాయొద్దన్నాను. చెప్పింది చెప్పినట్టు అనే కదా ఒప్పందం అన్నాడు.

రాసుకో.

నవంబర్ 17

ఆదివారం మధ్యాహ్నం ఆట. నాలుగో భాగంలో కరెంటు పోయింది. మైకు ఆగింది, ఇలాంటప్పుడు గేటు దగ్గర సోడాలు అమ్మేవాడు విసిరేవాడి పేరు గట్టిగా అరుస్తాడు, కాబట్టి నాకేం నష్టం లేదు. కాసేపటికి ఈ గుడ్లగూబ పరిగెత్తుకుంటూ వచ్చాడు, చంకలో ల్యాప్‌టాప్, చెమటలు. వేగం కొలిచే యంత్రం చచ్చిపోయిందట. "దోన్యా, ఇప్పటికి ఎన్ని గింజలు పడ్డాయి?" అన్నాడు.

రెండు రొట్టెలు తిప్పాను. నూనె చూశాను. అప్పుడు చెప్పాను, ఆబ్నెర్‌కి రెండు అని.

వీడు పక్కన పీట వేసుకుని కూర్చుని నా డబ్బాల వైపు పెళ్ళికూతుర్ని చూసినట్టు చూశాడు. ఇది నిజమైన కొలతేనన్నాడు. తన యంత్రం బంతి వేగం కొలుస్తుంది గానీ ఎదుటివాడికి అదెంత వేగంగా కనబడిందో కొలవలేదట, నా రేకు అది కొలుస్తుందట. నేను ముప్పై ఏళ్ళ కిందటే చెప్పాను ఆ మాట, ఎవడు విన్నాడు.

అంతటితో నోరు మూసుకుంటే బాగుండేది. "కొట్టింది కుడిచేతి వాటంవాడా, ఎడమచేతి వాటంవాడా అన్నది కూడా లెక్కలో పెడతారా?" అని అడిగాడు. ఎందుకు అన్నాను. కుడివాటంవాడు ఆలస్యమైతే బంతి ఇటొస్తుంది, ఎడమవాటంవాడు తొందరపడి ముందే బాదినా ఇటే వస్తుంది కదా అన్నాడు. ఒకటి భయపడ్డ బంతి, ఒకటి భయపెట్టే బంతి.

రేకు మీద పడ్డది బంతి, బంతికి చేతివాటం ఉండదు అన్నాను. నీళ్ళు తెమ్మని బిందె ఇచ్చి పంపాను.

నవంబర్ 25

వాన. ఆట లేదు గానీ దుకాణం తెరిచాను. రేకు బొక్కలోంచి ఒక్క చుక్క, సరిగ్గా మూకుడులోకి. నూనె లేచి చేతి మీద పడింది. నిన్న రాదామెస్ విసిరాడు, గెలిచాడు, తారు పూయడానికి వానలో ఎక్కలేకపోయాడు.

ప్లాసిదోని పిలిపించి మూడు వీధులకి వినబడేలా కడిగేశాను. వాడు తలొంచుకుని అంతా విని, "అత్తయ్యా, మంగలి దుకాణానికీ అదే రేకు, అదే రోజు వేయించాం. దానికి ఒక్క సొట్ట లేదు" అన్నాడు. మంగలి దుకాణం ఎడమ గోడ వైపుంది, అక్కడ వేరే బంతులు పడతాయి అన్నాను. వాడు వానలోనే వెళ్ళిపోయాడు.

కాలిన చేతికి కలబంద పెట్టుకున్నాను. ఇది కూడా ప్లాసిదో ఖాతాలోనే.

డిసెంబర్ 2

రాదామెస్ ఎనిమిది ఆటలు, ఏడు గెలుపులు. ఆవు డబ్బాలో ముప్పై ఆరు. ఆబ్నెర్ మళ్ళీ ఓడిపోయాడు, సార్డీన్ డబ్బాలో పదహారు. ఇంకా నేను వాదించాల్సిన పని ఏముంది?

ఆబ్నెర్ ఓడిపోయాక దుకాణానికి వచ్చాడు. రెండు రొట్టెలు తిని, "దోన్యా, నా డబ్బాకి మూతైనా పెట్టండి, బొద్దింకలు గింజలు ఎత్తుకుపోతున్నాయేమో" అన్నాడు. ఓడిపోయినా నవ్వుతున్నాడు. బొద్దింకలు కూడా ఎంచుకునే తింటాయి నాయనా అన్నాను. దానికీ నవ్వాడు. మంచి పళ్ళు.

మధ్యాహ్నం భోజనానికి రాదామెస్ వచ్చాడు. తలుపు పైగొళ్ళెం కుడిచేత్తో అందుకోలేక ఎడమచేత్తో తీశాడు. చలికాలం కదా, కీళ్ళు పట్టేస్తాయి.

ఏంటి, ఎందుకు ఆగావు? రాయి. చలికాలం. ఎండ కాస్తే కాసింది, డిసెంబర్ డిసెంబరే.

డిసెంబర్ 10

ఇది మధ్యాహ్నం రాయిస్తున్నాను. పొద్దున వీడికి కాఫీ ఇవ్వలేదు. కారణం ఉంది.

రెండు రోజులుగా ఒక అనుమానం నన్ను తినేస్తోంది. వీడు నేను చెప్పిందే రాస్తున్నాడా, లేక నాకు చదువు రాదు కదా అని తన వాదనే రాసుకుంటున్నాడా? నా వ్యాజ్యంలో ముద్దాయి చేతికే కలం ఇచ్చిన మొద్దుని నేను. నోటుపుస్తకం కొంగున కట్టుకుని నెరెయిదా దగ్గరికి వెళ్ళాను. చర్చిలో ఆదివారం పాఠం చదివేది అదే. యాభై ఏళ్ళ స్నేహం, నోరు మాత్రం జల్లెడ. ఎవరికైనా చెప్పావంటే చచ్చాక కూడా నీతో మాట్లాడనని ఒట్టు పెట్టించుకుని చదవమన్నాను.

మొదటి నుంచి చదివింది. ఒక్క మాట మారలేదు. గుడ్లగూబ ఉంది. బట్టతల ఉంది. నవ్వకు అన్నది కూడా ఉంది. వీడికి తగిలేలా నేనన్న ప్రతి మాటా వీడి చేత్తోనే, ముత్యాల్లాంటి అక్షరాలతో ఉందట. నెరెయిదా కళ్ళు తుడుచుకుంటూ, "నీకు తిట్లు వచ్చని తెలుసు గానీ కసీల్దా, రాస్తే ఇంత బావుంటాయని తెలీదే" అంది.

తర్వాత పేజీ దగ్గరగా పెట్టుకుని, నవంబర్ ఒకటి పక్కన అంచులో సన్నగా ఇంకేదో ఉంది అంది. చదవమన్నాను.

"రేకు సొట్టలు, బొక్కలు: అన్నీ రాదామెస్ విసిరిన రోజులవే. దోన్యాకి చెప్పకూడదు. అడిగితే అబద్ధం ఆడకూడదు."

నెరెయిదా ఇక నవ్వలేదు. నోటుపుస్తకం మూసి నా చేతిలో పెట్టింది. ఇంటికి వచ్చేశాను.

డిసెంబర్ 11

ఇవాళ ఏమీ లేదు. కాఫీ తాగి పో.

డిసెంబర్ 12

ఏమీ లేదన్నాను కదా. తేదీ ఒక్కటే వెయ్యి.

డిసెంబర్ 15

అడిగాను. కళ్ళలోకి చూసి అడిగాను. నవంబర్ ఒకటినే తెలిసినవాడివి, దోన్ ఫ్రోయిలాన్ దగ్గరికి పోయి చెప్పొచ్చు కదా, రేకు కూడా నీ వైపే సాక్ష్యం చెప్తోందని? ఎందుకు చెప్పలేదు?

"నా యంత్రం చెప్పింది నేను చెప్పాను" అన్నాడు. "రేకు మీది దోన్యా. అది చెప్పింది మీరే చెప్పాలి."

వీడికి ఇంకో కాఫీ పోశాను.

ఇప్పుడు నేను చెప్పేది రాయి, మధ్యలో తలెత్తకు. ఆలస్యంగా తగిలిన బంతి ఆకాశంలోకి లేస్తుంది. తీరిగ్గా దిగుతుంది. రేకు మీద పండిన కొబ్బరికాయ పడ్డట్టు ఒక్కసారి చప్పుడవుతుంది, దొర్లుతుంది. ముందే బాదిన బంతి అలా రాదు. గోడ మీంచి కోసుకుంటూ వస్తుంది, రేకుకి అడ్డంగా తగులుతుంది, బల్ల మీద గ్లాసులు కదులుతాయి. ఈ రెండు చప్పుళ్ళకీ తేడా నాకు నలభై ఒక్క ఏళ్ళుగా తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. వెనకటి ఏళ్ళలో మెత్తగా పడ్డవాటికే గింజ వేసేదాన్ని. గ్లాసులు కదిలితే వెయ్యను. ఈ సంగతి నవంబర్ ఒకటిన నీకు చెప్పలేదు.

ఈ ఏడు ఆవు డబ్బాకి మాత్రం అన్నిటికీ వేశాను.

అవతలి జట్లవాళ్ళు రాదామెస్ రోజున ఎడమచేతి వాటంవాళ్ళని ఏరి మరీ దింపుతున్నారట. నువ్వు చెప్పావు. మైకులో పేర్లు నాకూ వినబడ్డాయి.

ఇవాళ మధ్యాహ్నం రాదామెస్ విసిరాడు. కళ్ళు మూసుకుని విన్నాను. అయిదు పడ్డాయి. నాలుగిటికి గ్లాసులు కదిలాయి. ఆట మనవాళ్ళే గెలిచారు.

డిసెంబర్ 20

గింజలు వేరు చేశాను. చాప మీద ఆవు డబ్బా బోర్లించి, ఒక్కొక్క గింజ తీసి, అది ఏ రోజుదో, ఏ చప్పుడుదో తలుచుకుంటూ అటో ఇటో పెట్టాను. ఇన్ని గుర్తున్నాయా అని నువ్వు నోరెళ్ళబెట్టావు. చదువు రానివాళ్ళకి మరుపు కూడా రాదు నాయనా, రాసి పెట్టుకునేవాళ్ళే మర్చిపోతారు.

మొత్తం నలభై ఒకటి. మెత్తనివి పదకొండు.

సార్డీన్ డబ్బా కూడా బోర్లించాను. పందొమ్మిది. మెత్తనివి పద్దెనిమిది. ఆ ఒక్కటి కూడా గాలికి కొట్టుకొచ్చిందేమో.

వెనకటికి ఇరవై దాటనివాడు కుండలో పడేవాడు. ఆబ్నెర్‌కి ఇంకో ఆట ఉంది కదా, ఉంది. లెక్క నాకు చెప్పకు.

డిసెంబర్ 22

ఆబ్నెర్ మూడు మెత్తనివి.

డిసెంబర్ 25

నిన్నటిది రాయి. నువ్వూ ఉన్నావు, అయినా నేను చెప్పినట్టే రాయి.

సాయంత్రం నాలుగింటికి కుండ పెట్టాను. గింజలు ముందు ఉడకాలి, బియ్యం, కొబ్బరిపాలు తర్వాత. ఇంట్లో అందరూ ఉన్నారు. ప్లాసిదో పెరట్లో నిప్పుల మీద పందిని తిప్పుతున్నాడు. పక్కిళ్ళవాళ్ళు ఏదో అప్పడగడానికి వచ్చినట్టు వచ్చి అటక వైపు చూసి పోతున్నారు. నీళ్ళు మరిగాయి. మొదట ఈ ఏడు రెండే ఆటలు విసిరిన ఒక లావుపాటివాడి డబ్బా వేశాను, దానికి ఎవరూ ఏడవరు. తర్వాత ఆవు డబ్బా తీశాను. ముప్పై గింజలున్నాయి అందులో. మెత్తనివి పదకొండు నా జేబులో ఉన్నాయి. అవి తీసి మళ్ళీ డబ్బాలో పోసి, డబ్బా తీసుకెళ్ళి అటక మీద పెట్టేస్తే ఎవరు అడుగుతారు? నలభై ఒకటి. నా నోటితో నలభై ఒకటి అంటే దోన్ ఫ్రోయిలాన్ టోపీ తీసి రాసుకుంటాడు. నీ వైపు చూశాను. నువ్వు కొబ్బరి తురుముతున్నావు, నీ వేలు తురుముకున్నావు.

డబ్బా పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. రాదామెస్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అమ్మమ్మా, నీళ్ళు ఇగిరిపోతున్నాయి" అన్నాడు.

పోనీ అన్నాను.

"బొక్కలన్నీ నావే. మొదటిదానికే తెలుసు నాకు. నువ్వు ప్లాసిదో బాబాయిని తిడుతుంటే నేను తారు పూస్తూ కూర్చున్నాను."

"తెలిసినవాడివి నోరు విప్పవేం?"

"నువ్వు విప్పుతావేమో అని చూశాను" అన్నాడు. "ఇద్దరం ఒకే కాయలో గింజలం."

నా చేతిలోంచి డబ్బా తీసుకున్నాడు. ఎడమచేత్తో బోర్లించాడు. అడుగున రెండుసార్లు తట్టి మరీ వేశాడు, ఒక్కటి అంటుకోకుండా. నేను కలిపాను. ఏదో ఒకటి చెయ్యాలి కదా చేత్తో.

దోన్ ఫ్రోయిలాన్ చీకటి పడకముందే వచ్చాడు. ముందు అటక వైపు చూశాడు, ఆవు ఉండాల్సిన చోట ఖాళీ. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అన్నం పెట్టాను. రెండోసారి కూడా పెట్టించుకున్నాడు. చెయ్యి కడుక్కుని రాదామెస్ వైపు తిరిగి, అన్నం బాగా కుదిరింది అన్నాడు. "పన్నెండేళ్ళు ఉడికింది మరి" అన్నాడు రాదామెస్. అప్పుడు ప్లాసిదో మొదట నవ్వాడు, తర్వాత అందరం.

నువ్వు గెలిచావని రాసుకుంటావేమో. రాసుకోకు. నీ యంత్రం చెబితే దోన్ ఫ్రోయిలాన్ విన్నాడా? వినలేదు. నా డబ్బా చెబితే విన్నాడు.

డిసెంబర్ 29

ఆదివారం ఆట. ఆబ్నెర్ విసిరాడు. రాదామెస్ ఆట లోపలికి పోలేదు, దుకాణంలో నా పక్కన పీట మీద కూర్చుని పిండి ముద్దలు చేసి ఇచ్చాడు. ముద్దలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. విసిరే చెయ్యి విసరడానికే పనికొస్తుంది అన్నాను. ఇప్పుడు దానికీ పనికిరాదు, కాస్త ఓపిక పట్టు అన్నాడు.

మూడో భాగంలో రేకు మీద పడింది. తీరిగ్గా, ఒక్కసారి, దొర్లుతూ. ఇద్దరం తలెత్తకుండానే "ఆలస్యం" అన్నాం. నేను సార్డీన్ డబ్బా అందుకోబోయాను. వాడు ఆగమని, ఆవు డబ్బా కడిగి తుడిచి తెచ్చాడు. ఆబ్నెర్ గింజలన్నీ అందులో పోశాడు, పైన కొత్తది కూడా తనే వేశాడు. మూత పెట్టాడు. నా జేబులో ఉన్న పదకొండు సంగతి వాడు అడగలేదు, నేను చెప్పలేదు. ఉన్నాయి.

ఆబ్నెర్ ఆ ఆట కూడా ఓడిపోయాడు. రెండు ఒకటి. ఎదుటివాడు గుడ్డిగా ఊపితే తగిలి ఎవరూ లేని చోట పడిందట. ఆట అయ్యాక నువ్వు గంతులేస్తూ వచ్చి, "దోన్యా, ఎంత బాగా ఓడిపోయాడో చూశారా" అన్నావు. నిన్ను చూసి సోడాల వాడు భయపడ్డాడు.

ఇక వ్యాజ్యం. నువ్వు అడుగుతున్నావు, చివర తీర్పు ఏమని రాయాలి అని.

రాయి. రేకు మంచిదే. మంచి రకం, గట్టి రకం. రెండు నెలలు దాన్ని అకారణంగా తిట్టాను. అది పాపం తనకు తగిలింది తగిలినట్టు చెప్పింది. రేకుని క్షమించమని అడుగుతున్నాను.

ప్లాసిదోని అడగను. వాడికి రేపు పొద్దున రెండు రొట్టెలు ఎక్కువ వేస్తాను, వాడే తెలుసుకుంటాడు.

నిన్ను అసలే అడగను. కలం పెట్టి కాఫీ తాగు, గుడ్లగూబా.